రక్తం ట్యూబుకు ఉన్న భద్రత రిపోర్టుకు కూడా ఉండాలి: సూర్యారావుపేటలోని ఒక ల్యాబుపై సమీక్ష

విజయవాడ సూర్యారావుపేటలో ఏ వీధిలోకి వెళ్లినా డాక్టర్ల బోర్డుల పక్కనే ల్యాబుల బోర్డులు కనిపిస్తాయి. వాటిలో ఒకచోట మా అమ్మకు గత 8 నెలల్లో 6 సార్లు పరీక్షలు చేయించాం. అమ్మకు 74 ఏళ్లు. షుగరు, బీపీ చాలాకాలంగా ఉన్నాయి. కిడ్నీల పనితీరు మీద కన్నేసి ఉంచమని డాక్టరుగారు రెండేళ్లుగా చెబుతున్నారు. మధ్యలో కుడికంటికి శుక్లాల ఆపరేషన్ కూడా జరిగింది. ల్యాబు పేరు రాయడం లేదు. నేను చెప్పబోయే లోపాల్లో కొన్నింటిని వాళ్లు ఇప్పటికే సరిదిద్దుకున్నారు, మిగిలినవి ఆ ఒక్క ల్యాబుకే పరిమితమైనవి కావు. నేను 22 ఏళ్లు ఒక ఆసుపత్రి మెడికల్ రికార్డుల విభాగంలో పనిచేసి రిటైరయ్యాను. అందువల్ల రిపోర్టులోని అంకెలతో పాటు ఆ రిపోర్టు ఎవరెవరి చేతుల మీదుగా వచ్చింది, ఇప్పుడు ఎక్కడ ఉంది, దాన్ని ఇంకెవరు తెరిచి చూడగలరు అన్నవి గమనించడం నాకు అలవాటు. ఈ సమీక్ష ఎక్కువగా ఆ సంగతుల గురించే.

ముందుగా బాగున్నవి చెప్పాలి. ఈ ల్యాబు ఏడాది క్రితం పద్ధతులన్నీ మార్చుకుంది. యాప్‌లో బుక్ చేస్తే ఉదయం ఆరున్నరకే శాంపిల్ తీసే అబ్బాయి ఇంటికి వస్తున్నాడు. అమ్మ పేరు, వయసు అతను చదివి అవునా అని అడగడు. అమ్మ చేతనే చెప్పించుకుని తన ఫోన్‌లో ఉన్న వివరాలతో సరిచూసుకుంటాడు. "మామ్మగారూ, పిడికిలి బిగించండి, ఇక వదిలేయండి" అంటూ నొప్పి తెలియకుండా రక్తం తీసి, ఊదారంగు మూత ట్యూబు మీద, బూడిదరంగు మూత ట్యూబు మీద అక్కడికక్కడే అమ్మ ముందే బార్‌కోడ్ అంటిస్తాడు. ఇది చిన్న విషయం కాదు. మా రోజుల్లో ట్యూబు మీద తెల్ల ప్లాస్టరు ముక్క అంటించి పెన్నుతో పేరు రాసేవాళ్లు. ఒకే ఉదయం ఇద్దరు లక్ష్మిలు, ముగ్గురు వెంకటేశ్వరరావులు వస్తే ఎవరి రక్తం ఎవరిదో తేల్చుకోవడానికి రిజిస్టర్లన్నీ తిరగేయాల్సి వచ్చేది. ఇప్పుడు మెషీను ఆ బార్‌కోడ్‌ను చదివి, ఏ పరీక్షలు చేయాలో ల్యాబు సాఫ్ట్‌వేర్‌ను అడిగి తెలుసుకుని, వచ్చిన ఫలితాన్ని నేరుగా అందులోకే పంపుతుంది. మధ్యలో చేత్తో ఎత్తి రాసే పని లేదు కాబట్టి 1.2 కాస్తా 12 అయ్యే ప్రమాదం కూడా లేదు.

మూడోసారి పరీక్ష చేయించినప్పుడు ఈ సాఫ్ట్‌వేర్ విలువ నాకు మరింత బాగా తెలిసింది. అమ్మ పొటాషియం అంతకుముందుకన్నా బాగా ఎక్కువగా వచ్చింది. రోగి పాత ఫలితాన్ని, కొత్త ఫలితాన్ని పోల్చి చూసి, తేడా మరీ ఎక్కువైతే హెచ్చరించే ఏర్పాటు ఇటువంటి సాఫ్ట్‌వేర్‌లలో ఉంటుంది. ఆ హెచ్చరిక రావడంతో పాథాలజిస్టు రిపోర్టు ఆపి, మళ్లీ శాంపిల్ తెప్పించారు. రెండోసారి మామూలుగానే వచ్చింది. మొదటి శాంపిల్‌లో రక్తకణాలు చితికిపోవడం వల్ల పొటాషియం ఎక్కువ చూపించిందని వివరించారు. పాత ఫలితాలు భద్రపరిచి ఉండకపోతే ఈ పోలికే సాధ్యమయ్యేది కాదు, ఆ తప్పు అంకెను చూసి డాక్టరుగారు అమ్మ మందులు మార్చి ఉండేవారు. కాబట్టి ల్యాబులు సమాచారం దాచుకోవడమే తప్పని నేను అనడం లేదు. వైద్యం కోసం దాచినదాన్ని వైద్యం కోసమే వాడాలి, దాచినంత కాలం తాళం వేసి ఉంచాలి అని మాత్రమే అడుగుతున్నాను.

ఆ తాళమే లేదని అయిదోసారి తెలిసింది. బిల్లు మీద అచ్చయిన నంబరును ల్యాబు వెబ్‌సైటులో టైపు చేస్తే రిపోర్టు తెరుచుకుంటుంది. ఆ రోజు నేను కళ్లద్దాలు పెట్టుకోకుండా చివరి అంకె 3కు బదులు 8 కొట్టాను. మరో కుటుంబానికి చెందిన ఒక స్త్రీ పేరు, వయసు, ఫోన్ నంబరు, పంపిన డాక్టరుగారి పేరు, మొత్తం పరీక్షల ఫలితాలు నా ముందు తెరుచుకున్నాయి. ఫోన్‌కు ఓటీపీ రాలేదు, పుట్టినతేదీ అడగలేదు, మీరెవరని కూడా అడగలేదు. వెంటనే మూసేశాను. అందులో ఏ పరీక్షలు ఉన్నాయో ఇక్కడ రాయను. ఆమెకు నేనెవరో తెలియదు, తన రిపోర్టు ఒక అపరిచితురాలి కళ్లబడిందనీ తెలియదు. ఈ మాట రాస్తున్నప్పుడు కూడా నాకు కష్టంగానే ఉంది. నేను ఆసుపత్రిలో ఉన్నప్పుడు రికార్డుల గదికి రెండు తాళాలు ఉండేవి. ఒకటి మా సూపర్నెంటుగారి దగ్గర, ఒకటి నా దగ్గర. ఫైలు బయటికి వెళ్లాలంటే ఎవరు అడిగారో, ఎందుకు అడిగారో రాసి సంతకం తీసుకునేవాళ్లం. కాగితం రోజుల్లో ఒక ఫైలు పోతే ఒక్క మనిషి సమాచారమే పోయేది. వరుస నంబర్లతో నడిచే వెబ్‌సైటులో నాలాగా పొరపాటున కాకుండా కావాలనే అంకెలు మార్చుకుంటూ పోయే వ్యక్తికి ఒక్క రాత్రిలో వేలమంది రిపోర్టులు దొరుకుతాయి.

మర్నాడు స్వయంగా వెళ్లి మేనేజరుగారిని కలిశాను. మొదట ఆయన "అలా జరగదు మేడమ్, మీ అమ్మగారి నంబరుకే లింకు అయి ఉంటుంది" అన్నారు. ఆయన కంప్యూటరు మీదే మా బిల్లు నంబరు టైపు చేయమన్నాను. అమ్మ ఫోన్ మా ఇంట్లోనే ఉంది, ఓటీపీ ఊసే లేకుండా రిపోర్టు తెరుచుకుంది. ఆ తర్వాత ఆయన వాదించలేదు, నన్ను తప్పుపట్టలేదు. ఆ సాయంత్రానికల్లా వెబ్‌సైటులో రిపోర్టు చూసే పేజీని ఆపేశారు. 11 రోజులకు తిరిగి తెరిచినప్పుడు ఓటీపీ పెట్టారు. బిల్లు నంబరులో వరుస అంకెల బదులు అక్షరాలు, అంకెలు కలిసిన పొడవైన కోడ్ పెట్టారు. లింకు 7 రోజుల తర్వాత పనిచేయకుండా చేశారు. ఈ మార్పులు మూడూ సరైనవే. అయితే నేను చూసిన రిపోర్టు ఎవరిదో ఆమెకు తెలియజేశారా, అంతకుముందు ఎవరైనా ఇలా ఇతరుల రిపోర్టులు తెరిచారేమో సర్వర్ లాగ్‌లు (ఎవరు ఎప్పుడు ఏది తెరిచారో కంప్యూటరు నమోదు చేసే చిట్టాలు) చూసి తేల్చుకున్నారా అన్న ప్రశ్నలకు నేటికీ జవాబు రాలేదు.

ల్యాబు రిపోర్టుకు ఇంత పట్టింపు ఎందుకని మా ఇంట్లోనే అడిగారు. అమ్మ శుక్లాల ఆపరేషన్‌కు ముందు రాయించిన పరీక్షల్లో హెచ్ఐవీ, హెపటైటిస్-బి, హెపటైటిస్-సి కూడా ఉన్నాయి; చిన్న ఆపరేషన్‌కైనా ఇవి రాయడం మామూలే. అంటే ఏ వ్యాధి అనుమానమూ లేని మనుషుల గురించి కూడా చాలా సున్నితమైన సమాచారం ల్యాబు సర్వరులో చేరుతోంది. గర్భ నిర్ధారణ, క్షయ, క్యాన్సర్ బయాప్సీ రిపోర్టులూ అక్కడే ఉంటాయి. పెళ్లి సంబంధం, ఉద్యోగం, అద్దె ఇల్లు, వీటిలో ఏదైనా ఒక్క రిపోర్టు బయటపడటం వల్ల చెడిపోవచ్చు. 2017లో చేసిన హెచ్ఐవీ, ఎయిడ్స్ చట్టం 2018 సెప్టెంబరు 10 నుంచి అమల్లో ఉంది. అటువంటి వివరాలు దాచే ప్రతి సంస్థా వాటి రక్షణకు ఏర్పాట్లు చేసి తీరాలని అది చెబుతోంది. గోప్యత ప్రాథమిక హక్కు అని సుప్రీంకోర్టులో 9 మంది న్యాయమూర్తుల ధర్మాసనం 2017 ఆగస్టు 24న ఏకగ్రీవంగా తీర్పు చెప్పింది. ల్యాబు గోడ మీద ఉన్న ఎన్ఏబీఎల్ (ల్యాబుల నాణ్యతను పరిశీలించి గుర్తింపు ఇచ్చే జాతీయ సంస్థ) గుర్తింపు పత్రాన్ని చూసి మనం మెషీన్ల నాణ్యత గురించే అనుకుంటాం. ఆ గుర్తింపుకు ఆధారమైన, వైద్య ల్యాబుల అంతర్జాతీయ ప్రమాణం ఐఎస్ఓ 15189 2022 కూర్పులో రోగి సమాచార గోప్యతకూ, సమాచార వ్యవస్థల నిర్వహణకూ వేర్వేరు నిబంధనలు ఉన్నాయి; సాఫ్ట్‌వేర్‌ను బయటి సంస్థ నడిపినా సరే, అది ఆ నిబంధనలకు లోబడి ఉండేలా చూడాల్సింది ల్యాబేనని అది స్పష్టంగా చెబుతుంది. కాబట్టి రిపోర్టు భద్రత కూడా పరీక్ష నాణ్యతలో భాగమే.

ఇక వాట్సాప్. రిపోర్టు తయారు కాగానే పీడీఎఫ్ వస్తోంది, దానికి పాస్‌వర్డ్ కూడా పెట్టారు. అయితే ఆ పాస్‌వర్డ్ పేరులోని మొదటి నాలుగు అక్షరాలు, పుట్టిన సంవత్సరం అని అదే మెసేజిలో రాసి పంపుతున్నారు. తాళం వేసి తాళంచెవిని ఆ గడియకే వేలాడదీసినట్లుంది. ఇంతకన్నా పెద్ద చిక్కు ఫోన్ నంబరుతో వస్తోంది. మన ఇళ్లలో ఏ బుకింగ్ అయినా ఒకే నంబరు మీద చేస్తాం. నా నంబరు మీద అమ్మ, మా కోడలు, పనిలో సాయం చేసే అమ్మాయి, ముగ్గురి పరీక్షలూ బుక్ చేశాం. యాప్ తెరిస్తే ముగ్గురి రిపోర్టులూ నాకు కనిపిస్తాయి. మా కోడలికి 29 ఏళ్లు. ఆమె ఏ పరీక్ష చేయించుకుందో ఆమె చెబితే తప్ప నాకు తెలియాల్సిన పని లేదు. బుకింగ్‌కు ఒక నంబరు, రిపోర్టుకు మరో నంబరు ఇచ్చే వీలు యాప్‌లో లేదు. ఆడపిల్లల ఆరోగ్యం గురించి ఇంట్లో అందరికీ తెలిసిపోవడం మామూలే అనుకునే చోట ఈ ఒక్క ఏర్పాటు ఎంతోమందికి మేలు చేస్తుంది, దానికి పెద్ద ఖర్చు కూడా అవ్వదు. మేనేజరుగారు రాసుకున్నారు కానీ 2 నెలలు గడిచినా మార్పు రాలేదు.

శాంపిల్ తీసే అబ్బాయి ఒకసారి డాక్టరుగారి చీటీని తన సొంత ఫోన్‌తో ఫోటో తీసి ల్యాబు వాట్సాప్ గ్రూపులో పెట్టాడు. అతని తప్పేమీ లేదు, కంపెనీ యాప్‌లో చీటీ అప్‌లోడ్ కాక అలా పంపమన్నారని చెప్పాడు. రోజుకు 15 ఇళ్లు తిరిగే ఆ కుర్రాడి ఫోన్ గ్యాలరీలో రోజూ 15 కుటుంబాల చీటీలు మిగిలిపోతాయి; ఫోన్ పోయినా, అమ్మేసినా, అతను ఉద్యోగం మానేసినా అవి అందులోనే ఉంటాయి. ఆ గ్రూపులో ఎంతమంది ఉన్నారో అతనికే తెలియదు. ల్యాబే ఫోన్లు ఇచ్చి, చీటీ యాప్‌లోకి వెళ్లగానే ఫోన్‌లోంచి చెరిగిపోయేలా చేయడం ఒక్కటే దీనికి మార్గం.

యాప్ పెట్టుకునేటప్పుడు లొకేషన్, కెమెరా, కాంటాక్టులు మూడింటికీ అనుమతి అడిగింది. ఇంటికి రావడానికి లొకేషన్ అవసరమే. చీటీ ఫోటోకు కెమెరా అవసరమే. నా ఫోన్‌లో ఉన్న మూడు వందల మంది నంబర్లు రక్తపరీక్షకు ఎందుకు? 2023 డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టంలోనే సరిగ్గా ఇటువంటి ఉదాహరణ ఉంది. ఫోన్ ద్వారా వైద్యసలహా ఇచ్చే ఒక యాప్ కాంటాక్టుల జాబితాకు కూడా అనుమతి అడిగినప్పుడు, మనం తెలియక సరే అన్నా, ఆ సేవకు జాబితా అవసరం లేదు కాబట్టి మన సమ్మతి దానికి వర్తించదు అని ఆ చట్టమే వివరిస్తోంది. నేను కాంటాక్టులకు వద్దని నొక్కాను, యాప్ ఏ ఇబ్బందీ లేకుండా పనిచేసింది. మరి అడగడం ఎందుకో వాళ్లే చెప్పాలి.

సమ్మతి పత్రం సంగతి ఇంతకన్నా బాధాకరం. తొమ్మిది పేజీల ఇంగ్లిషు, కింద ఒక టిక్కు. అమ్మ ఏడో తరగతి వరకు చదివింది, తెలుగు దినపత్రిక మొదటి పేజీ నుంచి చివరి పేజీ దాకా రోజూ చదువుతుంది. ఆ పత్రాన్ని ఆమె చదవలేదు. శాంపిల్ తీసే అబ్బాయే ఆమె తరఫున టిక్కు పెట్టేస్తాడు. సమ్మతి కోరే నోటీసును ఇంగ్లిషులో గానీ, రాజ్యాంగం ఎనిమిదో షెడ్యూలులోని 22 భాషల్లో దేనిలో గానీ చదువుకునే అవకాశం ఇవ్వాలని అదే చట్టం చెబుతోంది. ఆ షెడ్యూలులో తెలుగు ఉంది. చట్టానికి 2023 ఆగస్టు 11న రాష్ట్రపతి ఆమోదం లభించింది, నియమాలు 2025 నవంబరులో వెలువడ్డాయి, ప్రధాన బాధ్యతల అమలుకు 18 నెలల గడువు ఇచ్చారు. తగిన భద్రతా ఏర్పాట్లు చేయకపోతే 250 కోట్ల రూపాయల వరకు జరిమానా పడవచ్చు. గడువు ఉంది కదా అని ఆగాల్సిన పని ఏమీ లేదు. ఒక పేజీ తెలుగు నోటీసు రాయించడానికి వారం రోజులు చాలు. మీ రక్తంతో ఏ పరీక్షలు చేస్తాం, ఫలితాలు ఎన్నేళ్లు ఉంచుతాం, ఎవరికి పంపుతాం, తప్పుంటే ఎవరిని అడగాలి అన్న నాలుగు సంగతులు పెద్ద అక్షరాల్లో ఉంటే అమ్మ చదివి తానే నిర్ణయించుకోగలదు.

ఎవరికి పంపుతాం అన్నదాంట్లోనే అసలు చిక్కుంది. ఈ ల్యాబు నాలుగు నెలలుగా స్మార్ట్ రిపోర్టు అని మరొకటి పంపుతోంది. గుండె, కిడ్నీ, కాలేయం బొమ్మలు, వాటి పక్కన ఎరుపు, పసుపు, ఆకుపచ్చ రంగులు, ప్రతి అంకెకూ రెండు వాక్యాల వివరణ. చూడటానికి బాగుంది, అమ్మకు నచ్చింది కూడా. దాన్ని తయారుచేసేది ల్యాబు కాదు, మరొక కంపెనీ కృత్రిమ మేధ సాఫ్ట్‌వేర్. మేము అడగకుండానే అమ్మ పేరు, ఫోన్ నంబరు, ఫలితాలన్నీ అక్కడికి వెళ్లాయి. ఆ తర్వాతి వారంలో షుగరు పేషెంట్ల ఆహారప్రణాళిక అంటూ రెండు ఫోన్‌కాల్స్ వచ్చాయి. అవి ఎక్కడి నుంచి వచ్చాయో నిరూపించలేను కాబట్టి నిందించను. ఒక్కటి మాత్రం అడిగాను. వివరణ రాయడానికి సాఫ్ట్‌వేర్‌కు కావలసింది వయసు, స్త్రీయా పురుషుడా అన్న వివరం, పరీక్ష ఫలితాలు, అంతే కదా. పేరూ ఫోన్ నంబరూ తీసేసి ఒక కోడ్ మాత్రం పంపి, వివరణ తిరిగి వచ్చాక పేరు మీరే కలుపుకోవచ్చు కదా అని. ఐటీ చూసే కుర్రాడు కాసేపు ఆలోచించి "చేయొచ్చు మేడమ్, కష్టం కాదు" అన్నాడు. ఇప్పుడు అలాగే చేస్తున్నామని చెబుతున్నారు, స్మార్ట్ రిపోర్టు కావాలా వద్దా అని కూడా ముందే అడుగుతున్నారు. ఈ మార్పుకు వాళ్లను మనస్ఫూర్తిగా అభినందిస్తున్నాను.

బయటి కంపెనీల విషయంలో ఇంత జాగ్రత్త ఎందుకో అమెరికా అనుభవం చెబుతుంది. అక్కడి రెండు అతిపెద్ద ల్యాబు సంస్థలు క్వెస్ట్ డయాగ్నొస్టిక్స్, ల్యాబ్‌కార్ప్. 2019లో వాటి రోగుల వివరాలు బయటపడింది ఆ ల్యాబుల సర్వర్ల నుంచి కాదు, బిల్లు బకాయిలు వసూలు చేసే ఏఎంసీఏ అనే మరో సంస్థ నుంచి. దాదాపు 8 నెలలపాటు దొంగలు ఆ వ్యవస్థలో తిరిగారు. క్వెస్ట్ రోగులు సుమారు 1 కోటీ 19 లక్షల మంది, ల్యాబ్‌కార్ప్ రోగులు సుమారు 77 లక్షల మంది వివరాలు ప్రమాదంలో పడ్డాయి. ఆ రోగులు పరీక్షలు చేయించుకున్నది ల్యాబులో; ఏఎంసీఏ పేరు వాళ్లలో ఎంతమంది విని ఉంటారు?

సమాచారం దొంగిలించడమే కాదు, ల్యాబును స్తంభింపజేసే దాడులూ ఉన్నాయి. 2024 జూన్ 3న లండన్‌లో సినోవిస్ అనే ల్యాబు సేవల సంస్థపై సైబర్ దాడి జరిగినప్పుడు కింగ్స్ కాలేజ్, గైస్ అండ్ సెయింట్ థామస్ ఆసుపత్రులలో ఆపరేషన్లు వాయిదా పడ్డాయి. రక్తం గ్రూపు సరిపోల్చడం ఆలస్యమవుతుండటంతో 'ఓ' (O) గ్రూపు రక్తం ఉన్న దాతలు ముందుకు రావాలని అక్కడి రక్తనిధి సంస్థ విజ్ఞప్తి చేయాల్సి వచ్చింది. మన ఢిల్లీ ఎయిమ్స్‌లోనూ 2022 నవంబరు 23న సర్వర్లు స్తంభించి రోజుల తరబడి పనంతా చేత్తో రాసుకుంటూ నడిపారు. అందుకే ఈ ల్యాబులో సర్వర్ ఆగిపోతే ఏం చేస్తారని అడిగాను. అచ్చు ఫారాలు సిద్ధంగా ఉన్నాయని తీసి చూపించారు, రోజూ రాత్రి బ్యాకప్ తీసి నెట్‌వర్క్‌కు తగలకుండా విడిగా ఉంచుతామని చెప్పారు. మంచి ఏర్పాటు. కానీ రిసెప్షన్‌లో నలుగురు అమ్మాయిలకూ కలిపి ఒకే లాగిన్ ఉంది, దాని పాస్‌వర్డ్ కీబోర్డు కింద కాగితం ముక్క మీద రాసి ఉంది; నేను బిల్లు కడుతూ నిలుచున్న చోటి నుంచే కనిపించింది. నలుగురూ ఒకే పేరుతో లోపలికి వెళితే ఎవరు ఏ రిపోర్టు తెరిచారో రేపు ఏ సర్వర్ లాగ్ కూడా చెప్పలేదు. మా రికార్డుల గది రిజిస్టరులో సంతకం పెట్టించుకున్నది అందుకే. ఎవరి లాగిన్ వాళ్లకు ఇవ్వడానికి కొత్త మెషీను అక్కర్లేదు, సాఫ్ట్‌వేర్‌లో ఆ సదుపాయం ఉండే ఉంటుంది.

అయిదు మార్కులకు గాను పరీక్షల కచ్చితత్వానికీ, సిబ్బంది మర్యాదకూ నాలుగున్నర ఇస్తాను. రిపోర్టు భద్రతకు ఆరు వారాల క్రితమైతే ఒకటి ఇచ్చేదాన్ని, ఇప్పుడు రెండున్నర. చెప్పింది విని మార్చుకునే గుణం ఉన్నందువల్లే ల్యాబు మార్చాలని మేము అనుకోలేదు. ఇక్కడికి వెళ్లేవాళ్లు కాంటాక్టులకు అనుమతి ఇవ్వకండి, రిపోర్టు ఎవరిదైతే వాళ్ల నంబరే ఇవ్వండి, స్మార్ట్ రిపోర్టు అవసరం లేకపోతే ముందే వద్దని చెప్పండి. సున్నితమైన పరీక్ష అయితే వాట్సాప్‌లో వద్దు, కౌంటరులో కవరు ఇవ్వండని అడగండి. అడిగితే ఇస్తున్నారు, అదనంగా డబ్బు తీసుకోవడం లేదు.

అమ్మకు వచ్చే నెల మొదటి వారంలో మళ్లీ కిడ్నీల పనితీరు తెలిపే క్రియాటినిన్, పొటాషియం, మూడు నెలల షుగరు సగటు చూడాలి. శాంపిల్ అక్కడే ఇస్తాం. పొరపాటున నా కంటబడిన రిపోర్టు ఎవరిదో ఆమెకు కబురు చేశారా, లాగ్‌లు చూశారా అన్న రెండు ప్రశ్నలను ఈసారి కాగితం మీద రాసి, నకలు మీద రసీదు ముద్ర వేయించుకుని వస్తాను. జవాబు వచ్చిన రోజున దాన్ని ఈ సమీక్ష కిందనే చేరుస్తాను.